సైట్ లెక్కల్లో జనం మారారా, లెక్కపెట్టే పద్ధతి మారిందా?

టంకంచుక్క

2007 నుంచి ఒక చిన్న సైట్ నడుపుతున్నాను. పాత రేడియోలు, యాంప్లిఫయర్లు, పవర్ సప్లైలు బాగుచేసుకునే పద్ధతులు, నేను గీసిన సర్క్యూట్ డయాగ్రమ్‌లు, అంతే. ప్రకటనలు లేవు, డబ్బు సంగతి లేదు. మొన్న తీరిక దొరికి ఇన్నేళ్ల విజిటర్ లెక్కలన్నీ ఒక షీట్‌లో వేసి చూస్తే సగం అర్థమైంది, సగం బుర్ర తిరిగింది.

ఐప్యాడ్ వాళ్లు ఏటేటా పెరుగుతూ వచ్చి 2019 తర్వాత దాదాపు మాయం. అదే సమయానికి మ్యాక్ వాళ్లు పెరిగారు. నా పాఠకులంతా ఒక్కసారిగా మ్యాక్‌లు కొన్నారా? ఫోన్ల వరసలో చూస్తే ఈమధ్య ఆండ్రాయిడ్ 10 తప్ప ఇంకోటి కనబడడం లేదు, జనం అప్‌డేట్లు మానేశారా? సెర్చ్ నుంచి వచ్చేవాళ్లు తగ్గి ‘డైరెక్ట్’ అనే గడి ఉబ్బిపోయింది, నా సైట్ అడ్రస్ ఇంతమందికి కంఠతా వచ్చా? అన్నిటికంటే మనసు కష్టపెట్టింది పేజీ మీద గడిపే సమయం. ఫోన్లు పెరిగే కొద్దీ అది పడిపోతూనే ఉంది. చదవడం మానేశారా, లేక నేను గీసేవి ఎవరికీ అక్కర్లేదా? సైట్ మూసేద్దామా అని కూడా అనిపించింది, దాచడం ఎందుకు.

ఈ లెక్కలు ఎలా చదవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

లాగ్‌రీడర్

మూసేయకండి. మీరు అడిగిన మొదటి రెండిటికీ జనంతో సంబంధమే లేదు.

2019లో ఐప్యాడ్‌ఓఎస్ 13 వచ్చినప్పుడు ఐప్యాడ్‌లోని సఫారీ తనను మ్యాక్ అని చెప్పుకోవడం మొదలుపెట్టింది, సైట్లు ఫోన్ పేజీ కాకుండా పూర్తి పేజీ ఇవ్వాలని. లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఆ మాట నమ్మి మ్యాక్ ఖాతాలో రాసేస్తుంది. మీ ఐప్యాడ్ పాఠకులు ఎక్కడికీ పోలేదు, పక్క గడిలో కూర్చున్నారు.

ఆండ్రాయిడ్ 10 సంగతీ అంతే. 2023 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 110 నుంచి దశలవారీగా ఒక మార్పు చేశారు. ఫోన్ ఏదైనా, అందులో ఆండ్రాయిడ్ ఏ వెర్షన్ అయినా, బ్రౌజర్ తానెవరో చెప్పుకుంటూ సైట్‌కి పంపే వరసలో, అంటే యూజర్ ఏజెంట్‌లో, ‘ఆండ్రాయిడ్ 10’ అనే ఉంటుంది, మోడల్ పేరు ఉండాల్సిన చోట ఒక్క ‘కె’ అక్షరం ఉంటుంది. మనిషిని గుర్తుపట్టే వివరాలు తగ్గించడానికి కావాలనే చేసిన పని. విండోస్ 11 వాడేవాళ్లు కూడా అక్కడ విండోస్ 10 లాగే కనిపిస్తారు.

టంకంచుక్క

అయితే నా షీట్‌లో నాలుగేళ్ల ‘ఆండ్రాయిడ్ వెర్షన్లు’ అన్న పేజీ మొత్తం చెత్తబుట్టకేనా?

లాగ్‌రీడర్

2023కి ముందుది ఉంచుకోండి. తర్వాతది వెర్షన్ కోసం చూడకండి. ఫోనా కంప్యూటరా అన్నది మాత్రం ఇంకా పనికొస్తుంది.

పిక్సెల్_పంతులు

యూజర్ ఏజెంట్ ఎప్పుడు నిజం చెప్పింది కనుక. ఇవాళ్టికీ క్రోమ్, సఫారీ, ఎడ్జ్ అన్నీ ‘మోజిల్లా/5.0’ అనే మొదలుపెడతాయి, ఎప్పుడో నెట్‌స్కేప్ బ్రౌజర్ ఆ పేరు చెప్పుకున్న రోజుల్లో సైట్లు దాన్ని చూసి మంచి పేజీ ఇచ్చేవి కాబట్టి. 2009లో ఒపెరా 10 వచ్చినప్పుడు చాలా సైట్లు వెర్షన్‌లో మొదటి అంకె ఒక్కటే చదివి దాన్ని 1 అనుకున్నాయి. పాపం ఆ బ్రౌజర్ 9.80 అని చెప్పుకుంటూ బతికింది.

నేను మాత్రం తెర వెడల్పు చూడమంటాను. అందులో అసలు కథ ఉంటుంది. నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు 800 తెరలో ఇమడాలని 760 పిక్సెళ్లలో అన్నీ సర్దేవాళ్లం. తర్వాత 1024 వచ్చింది, 960 వెడల్పు పెట్టుకున్నాం. 2012లో స్టాట్‌కౌంటర్ (చాలా సైట్ల విజిటర్లను కలిపి లెక్కపెట్టే సంస్థ) లెక్కల్లో 1366 దాన్ని దాటేసింది. ఇంక తెరలు పెరుగుతూనే పోతాయని అందరం అనుకున్నాం. చూస్తే లెక్కల్లో 320, 360, 375 రావడం మొదలైంది. ఇరవై ఏళ్లు పెంచుకుంటూ పోయిన వెడల్పు అరచేతికి తగ్గిపోయింది. 2016 అక్టోబరులో స్టాట్‌కౌంటర్ ప్రపంచవ్యాప్త లెక్కలో ఫోన్లు, ట్యాబ్లెట్లు కలిపి 51.3 శాతం, కంప్యూటర్లు 48.7 శాతం. ఆ నెల నేను నా డిజైన్ ఫైళ్లన్నీ మళ్లీ తెరిచాను.

టంకం గారూ, మీ డయాగ్రమ్‌లు ఎంత వెడల్పు?

టంకంచుక్క

చాలావరకు 1000 పిక్సెళ్లు. 2008లో పెద్ద తెర చూసుకుని గీసినవి.

పిక్సెల్_పంతులు

360 వెడల్పు ఫోన్‌లో అది దాదాపు మూడో వంతుకు కుదించుకుపోతుంది. మీ అక్షరాలు కనబడుతున్నాయా లేదా ఒకసారి ఫోన్‌లో తెరిచి చూడండి, మిగతాది తర్వాత.

ఆఫీసుబాబు

నాదొక మాట. శని, ఆదివారాలు విడిగా తీసి చూశారా? 2012 మార్చి 18న క్రోమ్ మొదటిసారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని దాటింది, స్టాట్‌కౌంటర్ లెక్కలో, ఒక్కరోజు మాత్రమే. అది ఆదివారం. సోమవారం మళ్లీ ఎక్స్‌ప్లోరరే పైకి వచ్చింది. ఎందుకంటే సోమవారం అందరూ ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుంటారు, అక్కడ బ్రౌజర్ మార్చుకునే హక్కు మనకుండదు. నెల మొత్తం మీద క్రోమ్ పైకి వచ్చింది ఆ ఏడాది మేలో.

నేను పనిచేసిన చోట లోపలి హాజరు పేజీ ఎక్స్‌ప్లోరర్ 6లో తప్ప తెరుచుకునేది కాదు. ఆ బ్రౌజర్ 2001లో వచ్చింది. పదేళ్ల తర్వాత కూడా దానితోనే పొద్దున్నే హాజరు వేసుకునేవాళ్లం. బయట ఏ సైట్ తెరిచినా వాళ్ల లెక్కల్లో మేం ‘ఎక్స్‌ప్లోరర్ 6 అభిమానులం’. అభిమానం కాదు, గత్యంతరం లేక.

వెన్నెల_వేణి

ఆఫీసుబాబు గారి మాట బాగుంది కానీ ‘క్రోమ్ దాటింది’ అనేది ఎవరి లెక్క అన్నది కూడా చెప్పాలి. అదే 2012లో ఇలాగే లెక్కపెట్టే ఇంకో సంస్థ, నెట్ అప్లికేషన్స్ వాళ్ల లెక్కలో ఎక్స్‌ప్లోరర్‌కి సగానికి పైగా వాటా ఉంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. స్టాట్‌కౌంటర్ తెరిచిన పేజీలను లెక్కపెడుతుంది. రెండోవాళ్లు మనుషులను లెక్కపెట్టి, పైగా ఏ దేశంలో ఎంతమంది నెట్ వాడతారో చూసుకుని సర్దేవాళ్లు. రోజుకి వంద పేజీలు తిప్పే కుర్రాడు, ఒక్క పేజీ చూసే పెద్దాయన ఒకరి దగ్గర వందకి ఒకటి, ఇంకొకరి దగ్గర ఒకటికి ఒకటి.

ఆఫీసుబాబు

ఒప్పుకున్నాను. ఆదివారం సంగతి మాత్రం మారదు, ఒకే లెక్కలో రోజుకీ రోజుకీ తేడా కదా.

వెన్నెల_వేణి

అవును, అక్కడ మీరే కరెక్ట్. ఒకే తరాజులో వేసినవే పోల్చుకోవాలి, నేననేది అంతే.

మూడోకన్ను

డైరెక్ట్ గురించి ఎవరూ చెప్పలేదు. ఎక్కడినుంచి వచ్చారో తెలియనివాళ్లందరినీ పోసే గోతాం అది. వాట్సాప్‌లో ఎవరో లింక్ పంపిస్తే, దాన్ని నొక్కి వచ్చినవాళ్లు చాలావరకు అందులోనే పడతారు. మెయిల్ యాప్, పీడీఎఫ్‌లో లింక్, బుక్‌మార్క్, అన్నీ అందులోకే. కంఠతా వచ్చినవాళ్లు కాదు టంకం గారూ, మీ పేజీని ఒకరికొకరు పంపుకుంటున్నవాళ్లు. అది మంచి వార్త కదా.

సెర్చ్‌లో కూడా 2011కి ముందు ఏ మాటలు కొట్టి వచ్చారో కనబడేది. ఆ అక్టోబరులో గూగుల్, లాగిన్ అయి వెతికేవాళ్ల మాటలను దాచడం మొదలుపెట్టింది, తర్వాత అందరివీ. పాత లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు ఏ పేజీ అడిగారో సర్వర్ రాసుకునే చిట్టాలు, ఉంటే దాచుకోండి, మనుషులు తమ కష్టాన్ని ఏ మాటల్లో అడుగుతారో వాటిలో ఉంటుంది.

టంకంచుక్క

ఉన్నాయి. 2009లో ఒకరు ‘రేడియో నుంచి బుర్రుమని శబ్దం ఏం చేయాలి’ అని వెతికి వచ్చారు. ఆ మాట చూసే హమ్ గురించి పేజీ రాశాను. ఇప్పటికీ ఎక్కువమంది చదివే పేజీ అదే.

చిన్నక్క

నాది పిల్లల లెక్కల అభ్యాసాల సైట్. నాకు గంటలవారీ గ్రాఫ్ అన్నిటికంటే ఎక్కువ చెప్పింది. పదేళ్ల క్రితం మధ్యాహ్నం ఒక్క గుట్ట ఉండేది. ఇప్పుడు రాత్రి పడుకునే వేళ ఇంకో గుట్ట, అదంతా ఫోన్లే, పొద్దున్నే కంప్యూటర్ల చిన్న గుట్ట, ప్రింట్ పేజీ మీద. అమ్మానాన్నలు రాత్రి మంచం మీద ఫోన్‌లో ఎంచుకుని, పొద్దున ప్రింట్ తీస్తున్నారన్నమాట. లెక్కల్లో మాత్రం ఇద్దరు వేరు వేరు మనుషులు, అందులో ఫోన్ మనిషి ‘అర నిమిషం చూసి పారిపోయాడు’.

కొత్తమీట

ఇంత గొడవెందుకు అంట. మా సైట్‌లో ఒక శాతం కంటే తక్కువ ఉన్న బ్రౌజర్లన్నీ తీసిపారేశాం. టైం మిగిలింది, టెన్షన్ పోయింది. మిగిలిన అంకెలు కూడా శుభ్రంగా కనబడుతున్నాయి.

నెమ్మది_నెట్

కొత్తమీటా, శుభ్రంగా కనబడతాయి, తలుపేసుకుంటే వీధి కూడా శుభ్రంగానే ఉంటుంది.

నేనూ అదే పని చేశాను కాబట్టి చెబుతున్నా. సెక్యూరిటీ కోసం మా సర్వర్‌లో పాత టీఎల్ఎస్ 1.0 (బ్రౌజర్‌కీ సైట్‌కీ మధ్య మాటలు బయటివాళ్లకి తెలియకుండా దాచే పద్ధతిలో పాత వెర్షన్) ఆపేశాం, ఆపాల్సిందే, బ్రౌజర్లు కూడా 2020లో ఆపేశాయి. నెల తిరిగేసరికి లెక్కల్లో పాత ఫోన్లు సున్నా. ‘చూశారా, ఎవరూ వాడడం లేదు’ అని మీటింగ్‌లో చూపించాం. తర్వాత ఒక పెద్దావిడ ఉత్తరం రాశారు, నిజంగా కాగితం మీద, మీ పేజీ నా ఫోన్‌లో నెల నుంచి రావడం లేదు, నేనేమైనా తప్పు నొక్కానా అని. ఆవిడ వాడడం మానలేదు. మేం రానివ్వలేదు, రానివాళ్లను లెక్కపెట్టే యంత్రం లేదు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

ఇంకో ఉదాహరణ. యూట్యూబ్‌లో పనిచేసిన ఒక ఇంజనీరు 2012లో రాశారు. వీడియో పేజీ బరువు 1.2 మెగాబైట్లు ఉంటే కష్టపడి 100 కిలోబైట్ల లోపుకి తెచ్చారు. అంకెలు చూస్తే సగటున పేజీ తెరుచుకునే సమయం పెరిగింది! చేసిన పనంతా వృథా అనుకున్నారు. తర్వాత దేశాలవారీగా విడదీసి చూస్తే, అంతకుముందు పేజీ పూర్తిగా తెరుచుకోక అసలు లెక్కలోకే రాని చోట్ల నుంచి జనం కొత్తగా వచ్చి చేరారు. వాళ్ల నెట్ నెమ్మది కాబట్టి సగటు పెరిగింది. అంకె చెడిపోయింది, పని బాగుపడింది.

కొత్తమీట

ఈ రెండో సంగతి నాకు తెలియదు. మాది ఇద్దరమే చూసుకునే సైట్ అండీ, అన్ని పాత బ్రౌజర్లలో పరీక్షించే ఓపిక లేదు, అది కూడా నిజమే కదా.

నెమ్మది_నెట్

నిజమే తమ్ముడూ. అన్నిట్లో అందంగా రావాలని అనడం లేదు. రాత, బొమ్మ వస్తే చాలు. స్క్రిప్టు (పేజీతో పాటు వచ్చి బ్రౌజర్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్) నడవకపోయినా పేజీలో మాట కనబడేలా చూడండి, అంతవరకే.

రాత్రిడ్యూటీ

సర్వర్ లాగ్ చూస్తే ఒక అంకె, స్క్రిప్టుతో లెక్కపెట్టే పరికరం చూస్తే అందులో చిన్న ముక్క, ఇది కూడా చాలామందికి అర్థం కాదు. తేడాలో కొంత యాడ్ బ్లాకర్లు, ఎక్కువ భాగం బాట్లు, అంటే మనిషి లేకుండా తమంతట తామే పేజీలు తెరిచే ప్రోగ్రామ్‌లు. 2023 ఆగస్టులో ఓపెన్‌ఏఐ వాళ్లు తమ బాట్‌కి జీపీటీబాట్ అనే పేరు బయటకు చెప్పినప్పటి నుంచి నా లాగ్‌లో ఏఐ కోసం పేజీలు తోడుకుపోయేవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చేరుతున్నాయి, పేరు చెప్పకుండా క్రోమ్ వేషంలో వచ్చేవి వేరే. ఎవరూ ముట్టని పదేళ్ల కిందటి పేజీలు తెల్లవారుజామున మూడింటికి వరసగా తెరుచుకుంటుంటే మనిషి కాదని తెలిసిపోతుంది.

వికీమీడియా వాళ్లు 2025 ఏప్రిల్‌లో చెప్పిన సంగతి చూడండి. వాళ్లకి ఎక్కువ ఖర్చయ్యే ట్రాఫిక్‌లో 65 శాతం బాట్లదే, పేజీ వ్యూల్లో చూస్తే మాత్రం వాటి వాటా 35 శాతం. మనుషులు అందరూ చూసేవే చూస్తారు, అవి క్యాష్‌లో, అంటే ముందే తీసి పెట్టుకున్న కాపీల్లో, దగ్గరే ఉంటాయి. బాట్లు మూలమూలలా తవ్వుతాయి. అదే ఏడాది అక్టోబరులో ఇంకోటి చెప్పారు. బాట్లను పట్టే పద్ధతి మెరుగుపరిచి మళ్లీ లెక్కేస్తే, మనుషుల పేజీ వ్యూలు అంతకుముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే సుమారు 8 శాతం తగ్గాయి. సెర్చ్ పేజీలోనే జవాబు దొరికిపోతోంది, అసలు పేజీ దాకా రావడం లేదన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. టంకం గారి సెర్చ్ అంకె పడడంలో దీని పాత్ర కూడా ఉంటుంది. ఇది జనంలో వచ్చిన మార్పే, పరికరం తప్పు కాదు.

మూడోకన్ను

నా సైట్‌కి చాట్‌జీపీటీ నుంచి కూడా వస్తున్నారు, లింక్ చివర తోకలో పేరు ఉంటుంది. తక్కువమందే, కానీ వచ్చినవాళ్లు నిదానంగా చదువుతున్నారు.

లాగ్‌రీడర్

టంకం గారూ, సమయం సంగతి మిగిలింది. మీ పాత కౌంటర్ సమయాన్ని ఎలా కొలుస్తుంది? చాలా పాతవి ఒక పేజీ తెరిచిన క్షణానికీ తర్వాతి పేజీ తెరిచిన క్షణానికీ మధ్య తేడా వేస్తాయి. ఒక్క పేజీ చూసి ఆగినవాడికి ‘తర్వాత’ అనేది లేదు కాబట్టి సున్నా. గంటసేపు చదివినా సున్నాయే. కంప్యూటర్‌లో జనం మీ మెనూ పట్టుకుని నాలుగు పేజీలు తిరిగేవారు. ఫోన్‌లో లింక్ పట్టుకుని తిన్నగా కావలసిన పేజీకే వస్తున్నారు. లాగ్ తెరిచి, ఒక్క పేజీని పట్టుకుని, ఒక సాయంత్రం మొత్తం వరసలు కళ్లతో చదవండి. సర్వర్ ఇచ్చిన జవాబు 304 అని ఉన్నవి ముఖ్యంగా.

వెన్నెల_వేణి

చదివే ముందు ఐపీ (ప్రతి విజిటర్ నెట్ అడ్రస్) చివరి అంకెలు కొట్టేసుకోండి దయచేసి. మనకి మనిషి ఎవరో తెలియక్కర్లేదు, ఏం చేస్తున్నాడో తెలిస్తే చాలు.

టంకంచుక్క

కొట్టేశాను. నిన్న రాత్రి రెండింటిదాకా చదివాను. చెప్పాలి మీకు.

పవర్ సప్లై రెగ్యులేటర్ పేజీ. ఒక ఫోన్ రాత్రి 8:12కి తెరిచింది, పేజీ, డయాగ్రమ్ రెండూ 200, అంటే సర్వర్ మొత్తం పంపింది. 8:31కి అదే ఫోన్, అదే పేజీ, 304. అంటే కొత్తగా దింపుకోలేదు, మారిందా అని అడిగి పాతదే చూపించింది. 8:50కి మళ్లీ 304. 9:04, 9:40. మొదట ఏదో బాట్ అనుకున్నాను. తర్వాత వెలిగింది. ఆ మనిషి బల్ల మీద ఫోన్ పెట్టుకుని, ఒక భాగం టంకం వేసి, ఈలోపు ఫోన్ తెర ఆరిపోతే మళ్లీ తీసి చూస్తున్నాడు! గంటన్నర నా బొమ్మ పక్కనే ఉంది. నా కౌంటర్ అతనికి రాసిన సమయం సున్నా సెకన్లు.

అలాంటివి ఒకటి కాదు, ఆ వారంలో చాలా ఉన్నాయి. నేను ఇన్నాళ్లూ వీళ్లను చూసే బాధపడ్డాను.

ఇంకోటి, పంతులు గారు చెప్పినట్టు ఫోన్‌లో తెరిచి చూశాను. 4.7కె అని రాసిన రెసిస్టర్ 47కె లాగా కనబడుతోంది, చుక్క కలిసిపోయింది. ఈ ఏడాది ‘మీ సర్క్యూట్‌లో వోల్టేజీ సరిగా రావడం లేదు’ అని ముగ్గురు మెయిల్ రాశారు. కనెక్షన్లు మళ్లీ చూసుకోమని జవాబిచ్చాను. వాళ్ల తప్పు కాదు, నాదే. వాళ్లందరికీ ఇవాళ రాస్తున్నాను.

ఆఫీసుబాబు

అయ్యో, పది రెట్లు తేడా!

పిక్సెల్_పంతులు

దీనికోసమే కదా పాత ముద్రిత సర్క్యూట్లలో 4కె7 అని రాసేవారు, చుక్క ఉండాల్సిన చోట అక్షరం. చిన్న ముద్రలో చుక్క చెరిగిపోయినా విలువ చెడదు. అలాగే మార్చండి. వీలైతే బొమ్మలు ఎస్‌వీజీలో (బొమ్మను పిక్సెళ్లుగా కాక గీతలుగా దాచే ఫైలు) పెట్టండి, ఎంత పెద్దది చేసినా గీత చెదరదు.

నెమ్మది_నెట్

ఎస్‌వీజీతో పాటు కింద మామూలు రాతలో విలువల పట్టిక కూడా పెట్టండి. బొమ్మ రాని ఫోన్‌లో అదైనా వస్తుంది, తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకీ పనికొస్తుంది.

చిన్నక్క

ఆ ముగ్గురూ ఏమన్నారో చెప్పండి టంకం గారూ.

కొత్తమీట

నెమ్మది అన్నా, నేను కూడా స్క్రిప్టు ఆపేసి మా సైట్ చూశాను. ఖాళీ తెల్ల పేజీ. ఈ వారం సరిచేస్తున్నాం.

టంకంచుక్క

చిన్నక్కా, ఇద్దరు జవాబిచ్చారు. ఒకాయన 47కె తీసి 4.7కె వేస్తే వోల్టేజీ సరిగ్గా వచ్చిందన్నారు. ఇంకొకరు అప్పటికే విసిగి ఆ బోర్డు పారేశారట, మళ్లీ చేస్తానన్నారు. మూడో ఆయన నుంచి ఇంకా రాలేదు.

ఎక్కువమంది చూసే పదకొండు పేజీలు మార్చేశాను. 4కె7, 2కె2, కింద పట్టిక, ఎస్‌వీజీ. నిన్న సాయంత్రం లాగ్‌లో రెగ్యులేటర్ పేజీ ఒక ఫోన్ తెరిచింది, 7:20. తర్వాత నాలుగు 304లు. 9:55కి అదే ఫోన్ ‘కరెంటు ఇచ్చే ముందు చూసుకోవలసినవి’ అనే పేజీ తెరిచింది. ఆ పేజీ పాత చిన్న అక్షరాల్లోనే ఉండిపోయింది, ఇప్పుడు దాని మీద కూర్చున్నాను.